పాత జీపుకి ఏ డీజిల్ ఇంజిన్ ఎక్కించాలి: ఐదు ఇంజిన్ల సమీక్ష

తీర్పు ముందే చెప్పేస్తాం. పెట్రోల్ ఇంజిన్ అరిగిపోయిన మహీంద్రా సీజే3బీ అయినా, పాత ప్యూజో డీజిల్ చేతులెత్తేసిన ఎంఎం540 అయినా, పొలం గట్లు, అడవి దారులు, ఘాట్ రోడ్లు తిరగడానికే అయితే మహీంద్రా 2523 సీసీ డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజిన్ తీసుకోండి. బొలెరోలో వచ్చిన టర్బో రకం, అందులోనూ కంప్యూటర్ లేకుండా మెకానికల్ పంపుతో నడిచేది. హైవే ప్రయాణం ఎక్కువుంటే ప్యూజో ఎక్స్‌డీ3పీ. మెటాడోర్ ఇంజిన్, టవేరా ఇంజిన్, ఇన్నోవా ఇంజిన్ ఈ మూడింటికీ మెచ్చుకోదగ్గ గుణాలున్నాయి, కానీ ఒక్కోదానికీ ఒక్కో మెలిక ఉంది. షెడ్డులో ఎవరైనా 'అన్నా, ఇన్నోవా ఇంజిన్ ఏసేద్దాం, రాకెట్ లెక్క పోద్ది' అంటే తల ఊపేముందు కాగితం, పెన్నూ తీయాలి.

ఆ కాగితం మీద మొదట రాసుకోవాల్సిన అంకె 155. సీజే3బీతో వచ్చిన హరికేన్ ఎఫ్-హెడ్ పెట్రోల్ ఇంజిన్ 2199 సీసీ. దాని గరిష్ఠ టార్కు (తిప్పే బలం) 2000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 155 న్యూటన్ మీటర్లు. వెనకున్న టీ-90 మూడు గేర్ల బాక్సు, స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేసు (బలాన్ని ముందు, వెనక ఆక్సిల్‌లకి పంచే పెట్టె), ఆక్సిల్ షాఫ్టులు, యూజే (యూనివర్సల్ జాయింట్) క్రాసులు అన్నీ ఈ అంకెను దృష్టిలో పెట్టుకుని చేసినవే. ఇంజిన్ మారుస్తారు గానీ, ఈ వరుసంతా అలాగే ఉంటుంది. ఎక్స్‌డీ3పీ ఇచ్చేది సుమారు 150, బొలెరో డీఐ టర్బో 180, ఇన్నోవా 2కేడీ 200, పాత థార్ సీఆర్‌డీఈ (కామన్ రైల్ డీజిల్) 247. అంకె పెరిగేకొద్దీ ఖర్చు ఇంజిన్ దగ్గర ఆగదు, వెనక్కి పాకుతుంది. పైగా డీజిల్ దెబ్బ పెట్రోల్ దెబ్బ లాంటిది కాదు. సగటు టార్కు ఒకటే అయినా డీజిల్‌లో ప్రతి పేలుడూ సుత్తి దెబ్బలా పడుతుంది. టీ-90 రెండో గేరు బయటికి తన్నేయడం పెట్రోల్ కాలం నుంచీ ఉన్న జబ్బే. డీజిల్‌తో అది ముదురుతుంది. పాత వెనక ఆక్సిల్‌లో టేపర్ షాఫ్టులుంటాయి. హబ్బుని కీ పట్టి ఉంచుతుంది. నట్టు కాస్త వదులైతే చాలు, కీ గాడి దగ్గర పగులు మొదలై ఓ రోజు బురదలో షాఫ్టు విరుగుతుంది.

మహీంద్రా డీఐ, 2523 సీసీ

దీని బోరు 88.9 మి.మీ., స్ట్రోకు 101.6 మి.మీ. అంగుళాల్లోకి మార్చి చూడండి: మూడున్నర, నాలుగు. కొలతలే దీని ట్రాక్టరు వంశాన్ని చెబుతాయి. మహీంద్రా పాత డీజిల్ జీపు సీజే500డీ కాలంలో వచ్చిన ఎండీ2350 డీజిల్ స్ట్రోకు కూడా నాలుగు అంగుళాలే. పొడవైన స్ట్రోకు కాబట్టి కింది ఆర్‌పీఎంలో లాగుడు బాగుంటుంది. టర్బో రకంలో సుమారు 63 హార్స్‌పవర్, 180 న్యూటన్ మీటర్లు. ఆ 180 కూడా 1500 ఆర్‌పీఎం దగ్గరే దొరుకుతుంది. రాళ్ల మీద, ఇసుక వాగుల్లో మొదటి గేరులో క్లచ్ మీద కాలు పెట్టకుండా పాకించడానికి కావలసింది ఇదే.

హెడ్డు, బ్లాకు రెండూ కాస్ట్ ఐరన్. ఒకసారి వేడెక్కినంత మాత్రాన హెడ్డు వంకర పోదు. నాజిల్, రింగు, బేరింగు, గాస్కెట్ సెట్టు ఏది కావాలన్నా మండల కేంద్రంలో దొరుకుతుంది, ఎందుకంటే బొలెరో తిరగని ఊరు మన దగ్గర లేదు. మహీంద్రా బండికి మహీంద్రా ఇంజిన్ కావడంతో బెల్ హౌసింగ్, ఎన్‌జీటీ అనే మహీంద్రా గేర్‌బాక్స్, క్లచ్, మౌంటింగులు ఒకే కుటుంబంలో దొరుకుతాయి. ఎంఎం540కి అయితే పని సగం తగ్గినట్టే.

ఇక లోపాలు. మొదటిది మోత. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ ఐడిల్‌లో బండి మొత్తాన్ని వణికిస్తుంది, అద్దంలో వెనక బండి రెండుగా కనిపిస్తుంది. మౌంటింగ్ రబ్బర్లు గట్టివి వేస్తే ఆ వణుకు ఛాసిస్ లోకి దిగి క్రాస్ మెంబర్ రివెట్ల దగ్గర చీలిక తెస్తుంది. మరీ మెత్తవి వేస్తే క్లచ్ వదిలినప్పుడు ఫ్యాను వెళ్లి రేడియేటర్‌ని తాకుతుంది. కంపెనీ రబ్బరే కొనండి, సైకిల్ టైరు ముక్కలు కోసి పెట్టే పాత అలవాటు ఇక్కడ చెల్లదు. రెండోది ఆర్‌పీఎం పరిమితి. పవర్ 3200 దగ్గర ముగిసిపోతుంది. పెట్రోల్ అలవాటుతో పెడల్ తొక్కితే మోతే తప్ప వేగం రాదు. దీనికి మందు గేర్ నిష్పత్తిలో ఉంది. ఆ లెక్క కింద చెబుతాం.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త: తర్వాత వచ్చిన కామన్ రైల్ బొలెరో ఇంజిన్ కూడా 2523 సీసీయే. పైనుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. నాజిల్ పైపులు ఒక్కోటి నేరుగా పంపు నుంచి వస్తుంటే మెకానికల్. అన్నీ ఒక లావు పైపు లాంటి రైలు నుంచి వస్తూ, ప్రతి నాజిల్ నెత్తిన వైరు ఉంటే కామన్ రైల్. రెండోది తీసుకుంటే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్), వైరింగ్, సెన్సార్లు, పెడల్ అన్నీ కలిపి తీసుకోవాలి. ఏ ఒక్కటి తగ్గినా అది ఇంజిన్ కాదు, బరువు.

ప్యూజో ఎక్స్‌డీ3పీ, 2498 సీసీ

ఎంఎం540లో వచ్చిన ఎక్స్‌డీపీ 4.90 ఇంజిన్ 2112 సీసీ. ఎక్స్‌డీ3పీ దానికి పెద్దన్న. బోరు 94, స్ట్రోకు 90. సుమారు 72 హార్స్‌పవర్, 4000 ఆర్‌పీఎం దగ్గర. ప్రీ-ఛాంబర్ ఇంజిన్ (డీజిల్ ముందు హెడ్డులోని చిన్న గదిలో అంటుకునేది) కాబట్టి డీఐ కంటే మెత్తగా, నిదానంగా పలుకుతుంది. మహీంద్రా ఆర్మడా గ్రాండ్‌లో, క్లాసిక్‌లో ఇదే. టార్కు పాత పెట్రోల్‌తో దాదాపు సమానం కాబట్టి గేర్‌బాక్స్‌కీ, ఆక్సిల్‌కీ కొత్త బరువేమీ పడదు. పాత బండి ఒరిజినల్ స్వభావం పోకుండా డీజిల్ కావాలనుకునేవాళ్లకి మా ఓటు దీనికే.

ప్రాణం తీసేది దీని హెడ్డు. అది అల్యూమినియం. ఒక్కసారి నీళ్లు తగ్గి ముల్లు ఎర్ర గీత దాటిందంటే హెడ్డు వంకర పోవడం, గాస్కెట్ కొట్టడం, ప్రీ-ఛాంబర్ల మధ్య పగులు రావడం వరసగా జరుగుతాయి. కొనేముందు హెడ్డు విప్పించి స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, ఫీలర్ గేజ్‌తో కొలిపించాలి. అమ్మేవాడు విప్పనివ్వకపోతే రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి, చల్లగా ఉన్నప్పుడే బుడగలు వస్తున్నాయా చూడాలి. వస్తుంటే బేరం కూడా ఆడొద్దు. బ్లాకులో వెట్ లైనర్లు, అంటే ఊడదీసి మార్చగల సిలిండర్ గొట్టాలు, ఉన్నాయేమో అడగండి, ఉంటే ఒక సుఖం. అరిగితే బ్లాకుని రీబోర్‌కి పంపక్కర్లేదు, లైనర్-పిస్టన్ సెట్టు మారిస్తే సరిపోతుంది. లైనర్ అడుగున సీళ్లు కొత్తవి వేయాలి, లైనర్ పై అంచు బ్లాకు ముఖం కంటే నాలుగూ సమానంగా పైకి ఉండాలి. ఒకటి కిందికి దిగిందంటే గాస్కెట్ అక్కడే పోతుంది, నెల రోజుల్లో మళ్లీ హెడ్డు విప్పాలి.

చలికాలం పొద్దున హీటర్ ప్లగ్గులు పని చేయకపోతే ఇది పలకదు. నాలుగింటిలో ఒకటి పోయినా తెల్ల పొగ కక్కుతూ ముక్కుతుంది. ప్లగ్గులన్నీ మల్టీమీటర్‌తో చూడండి. ఒక్క ఓం లోపు చూపాలి, అనంతం చూపితే అది మాడిపోయినట్టే. విడి భాగాలు దొరుకుతాయి గానీ డీఐ అంత తేలిగ్గా కాదు, ఏటేటా కాస్త కష్టమవుతోంది కూడా.

మెటాడోర్ ఇంజిన్, ఓఎం616

బజాజ్ టెంపో వారు మెర్సిడెస్ లైసెన్సుతో చేసిన 2.4 లీటర్ల ఇంజిన్. ఆ పేరు వల్ల దీనికి రావలసిన దానికంటే ఎక్కువ గౌరవమే వస్తోంది. సుమారు 65 హార్స్‌పవర్, ఓవర్‌హెడ్ క్యాం, టైమింగ్ చైను, ఇన్‌లైన్ పంపు. బాగా ఉన్నది దొరికితే ఏళ్ల తరబడి రిపేరు అడగదు. కానీ ఒక మెలిక చాలామందికి తెలియదు: మెటాడోర్ వ్యాను ముందు చక్రాల బండి. దాని గేర్‌బాక్స్ జీపుకి అక్కరకు రాదు. ఇంజిన్ మెటాడోర్‌ది అయినా ఫ్లైవీల్, బెల్ హౌసింగ్, గేర్‌బాక్స్ మాత్రం అదే కంపెనీ ట్రాక్స్ బండి నుంచి తీసుకోవాలి, లేదా అడాప్టర్ ప్లేటు చేయించాలి. పాత రకాల్లో పంపు మీద న్యుమాటిక్ గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని అదుపు చేసేది) ఉంటుంది, మేనిఫోల్డ్ వాక్యూంతో నడిచేది. దాని డయాఫ్రం చిరిగితే ఇంజిన్ తనంతట తాను పరుగు అందుకుంటుంది. అందుకని విడిగా స్టాప్ కేబుల్ ఉండి తీరాలి. గేర్‌లో పెట్టి బ్రేకు తొక్కి ఆపడం ఆఖరి ఉపాయం.

చైను సాగిందో లేదో తెలుసుకోవడానికి క్యాం షాఫ్ట్ మార్కుని సరిపెట్టి కింద క్రాంక్ పుల్లీ డిగ్రీలు చూడాలి. ఈ పనీ, ట్యాపెట్లు సరిచేసే పనీ ఓపికగా చేసే మెకానిక్ దగ్గర్లో లేకపోతే ఈ ఇంజిన్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

టవేరా ఇంజిన్, ఇసుజు 4జేఏ1

మనసుకి నచ్చే ఇంజిన్ ఇది. 2499 సీసీ, డైరెక్ట్ ఇంజెక్షన్, టర్బోతో సుమారు 80 హార్స్‌పవర్, 186 న్యూటన్ మీటర్లు. డీఐ కంటే నున్నగా తిరుగుతుంది, 3500 దాటినా ఊపిరి ఆడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఇసుజు వారు 2016 నుంచి పికప్‌లు చేస్తున్నారు, వాటి 2499 సీసీ ఇంజిన్లదీ ఇదే కుటుంబం కాబట్టి విడి భాగాల దారి పూర్తిగా మూసుకుపోలేదు. కుటుంబం ఒకటే అయినా పంపు, ఫ్యూయల్ పద్ధతి వేరు కావచ్చు, పాత భాగం చేతిలో పెట్టుకునే కొత్తది కొనాలి.

చిక్కు అంతా లేతు పనిలో ఉంది. మహీంద్రా ట్రాన్స్‌ఫర్ కేసు కలవాలంటే అడాప్టర్ కావాలి. సంపు (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ గిన్నె) ఆకారం చూసుకోవాలి: ఈ జీపుల్లో ముందు డిఫరెన్షియల్ కుడి వైపుకి జరిగి ఉంటుంది, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా అటే. టవేరాకి ముందు ఆక్సిల్ లేదు, దాని సంపు గిన్నె ఆ లెక్కతో చేసింది కాదు. కమాన్ కట్టలు పూర్తిగా నొక్కుకున్నప్పుడు కూడా ఆక్సిల్‌కీ సంపుకీ మధ్య 50 మి.మీ. ఖాళీ ఉండాలి. లేకపోతే సంపు కోసి అతికించాలి, ఆయిల్ పికప్ గొట్టం కూడా దానికి తగ్గట్టు మార్చాలి. గొట్టం మరిచిపోయి సంపు మాత్రమే మార్చిన బండ్లలో ఏటవాలు ఎక్కేటప్పుడు ఆయిల్ లైటు వెలుగుతుంది. ఆ లైటు వెలిగిన కొద్ది సెకన్లే బేరింగులు తినేయడానికి చాలు.

ఇన్నోవా 2కేడీ, థార్ సీఆర్‌డీఈ

క్లుప్తంగా: ఇంజిన్లు అద్భుతం, పాత జీపుకి సంబంధం కుదరదు. 2కేడీ 2494 సీసీ, 102 హార్స్‌పవర్. ఈసీయూ, ఇమ్మొబిలైజర్, తాళంలో చిప్పు, క్రాంక్ సెన్సార్, క్యాం సెన్సార్, ఎలక్ట్రానిక్ పెడల్, వీటన్నిటి వైరింగ్ ఒకే బండి నుంచి కోయకుండా తీయాలి. కోసిన వైరింగ్ అతికించిన చోట వానాకాలంలో తేమ పడితే బండి అడవి మధ్యలో ఆగుతుంది, ఆపినదేదో ఏ మెకానిక్ చెవికీ వినపడదు, స్కానర్ కావాలి. 2కేడీకి టైమింగ్ బెల్టు ఉంది, పాత ఇంజిన్ కొంటే బెల్టు, టెన్షనర్ వెంటనే మార్చాలి. 9 అంగుళాల పాత డ్రమ్ బ్రేకులున్న బండికి 100 హార్స్‌పవర్ ఇవ్వడం అంటే కట్టెల పొయ్యి మీద ప్రెషర్ కుక్కర్ పెట్టి విజిల్ తీసేయడమే. ముందు 11 అంగుళాల డ్రమ్ములో డిస్కులో వేయించుకోండి, తర్వాత ఇంజిన్ సంగతి.

జిప్సీ ఉన్నవాళ్లు స్విఫ్ట్ 1248 సీసీ డీజిల్ గురించి అడుగుతుంటారు. జిప్సీ కింగ్ పెట్రోల్ టార్కు 103 న్యూటన్ మీటర్లు. స్విఫ్ట్ డీజిల్ ఇచ్చేది 190. గేర్‌బాక్స్ ఎంత కాలం ఆగుతుందో మీరే ఊహించుకోండి. పైగా అది అడ్డంగా కూర్చునే ఇంజిన్, నిలువుగా కూర్చోబెట్టాలంటే మౌంటింగ్ నుంచి టర్బో పైపు దాకా అన్నీ కొత్తగా చేయాలి. యూరప్‌లో స్పెయిన్‌కి చెందిన శాంటానా వాళ్లు జిప్సీకి చుట్టమైన సుజుకీ సమురాయ్‌కి 1.9 లీటర్ల ప్యూజో డీజిల్ పెట్టారు నిజమే, అది ఫ్యాక్టరీ చేసిన పని.

గేర్ లెక్క

సీజే3బీ ఆక్సిల్ నిష్పత్తి 5.38. టీ-90 మొదటి గేరు 2.80, స్పైసర్ 18 లో-రేంజి (నెమ్మదిగా, బలంగా లాగే గేరు) 2.46. మూడూ గుణిస్తే సుమారు 37. అంటే ఇంజిన్ 37 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. పాకడానికి చాలినంత ఉంది. అసలు సమస్య పై గేరులో. 6.00-16 టైరు ఒక చుట్టుకి సుమారు 2.2 మీటర్లు పోతుంది. డీఐ ఇంజిన్ 3200 ఆర్‌పీఎంలో, పై గేరు నేరుగా 1:1 అనుకుంటే చక్రం నిమిషానికి 595 చుట్లు, గంటకి 78 కిలోమీటర్లు. అంతకు మించి పోదు, తొక్కితే నష్టమే. ఆక్సిల్‌లో 4.27 నిష్పత్తి క్రౌన్-పీనియన్ వేస్తే అదే ఆర్‌పీఎంకి 99 వస్తుంది. కానీ లో-రేంజి 37 నుంచి 29కి పడిపోతుంది. ఐదో గేరు 0.8 ప్రాంతంలో ఉన్న బాక్సు వేస్తే 5.38తోనే 98 వస్తుంది, పాకుడూ తగ్గదు. డీఐకి ఐదు గేర్ల బాక్సు ఎందుకు కలిపి తీసుకోవాలో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

మీ బండిలో ఏ నిష్పత్తి ఉందో ప్లేటు చూసి నమ్మకండి, చేతులు మారేకొద్దీ ఆక్సిల్‌లూ మారి ఉంటాయి. బండి న్యూట్రల్‌లో పెట్టి, ముందు చక్రాలకి అడ్డం పెట్టి, ఒక వెనక చక్రం మాత్రం జాకీ మీద లేపి సరిగ్గా రెండు చుట్లు తిప్పండి, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్ద గీత ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. ఐదుంపావు దాటి, ఐదున్నరకి కాస్త లోపు వస్తే 5.38. నాలుగుంపావు వస్తే 4.27. ముందు ఆక్సిల్‌కీ ఇదే చేయాలి. రెండూ వేరైతే ఫోర్ వీల్ వేయగానే ట్రాన్స్‌ఫర్ కేసులో గేర్లు ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి.

ఎక్కించే పనిలో తప్పులు జరిగే చోట్లు

అడాప్టర్ ప్లేటు చేయించేటప్పుడు అందరూ బోల్టు రంధ్రాలు సరిపోయాయా అని చూస్తారు. చూడాల్సింది అది కాదు, క్రాంక్ మధ్య గీతా, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ మధ్య గీతా ఒకటేనా అన్నది. ఫ్లైవీల్ మీద మ్యాగ్నెట్ స్టాండ్ పెట్టి, డయల్ గేజ్ ముల్లు బెల్ హౌసింగ్ బోరుకి ఆనించి, క్రాంక్ ఒక చుట్టు తిప్పండి. ముల్లు మొత్తం కదలిక 0.25 మి.మీ. దాటకూడదు. దాటితే క్లచ్ ప్లేటు స్ప్లైన్లు (షాఫ్ట్ దూరే పళ్ల గాడులు) అరగడం, ఇన్‌పుట్ బేరింగ్ మోత, గేరు జారడం వస్తాయి. అవి వచ్చినప్పుడు అందరూ గేర్‌బాక్స్‌ని తిడతారు.

ప్లేటు మందం 12 మి.మీ. అయితే గేర్‌బాక్స్ కూడా 12 మి.మీ. వెనక్కి పోతుంది. ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్కు పైలట్ బుష్ లోకి పూర్తిగా అందదు. పొడవు పెంచిన గన్‌మెటల్ బుష్ తిప్పించండి. క్లచ్ ప్లేటు మధ్య భాగం గేర్‌బాక్స్‌ది, వ్యాసం ఇంజిన్ ఫ్లైవీల్‌ది కావాలి. క్లచ్ రిపేరు షాపులో ఒకదాని హబ్బు ఇంకోదాని ప్లేటుకి రివెట్లు కొట్టి ఇస్తారు. పెడల్ దగ్గర 20 నుంచి 25 మి.మీ. ఖాళీ రావాలి.

ఇంజిన్ వెనక వైపు మూడు నాలుగు డిగ్రీలు కిందికి వాలి కూర్చోవాలి. ఆక్సిల్ పీనియన్ కోణం దానికి సమాంతరంగా ఉండాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయించి పొడవు మార్చినప్పుడు రెండు చివరల ఫోర్కులు ఒకే వరుసలో అతికించారో లేదో షాపు దాటక ముందే చూడండి. ఒక్క స్ప్లైన్ తేడా వచ్చినా 50 కిలోమీటర్ల వేగంలో బండి నేల దడదడలాడుతుంది. డీఐ వణుకే అనుకుని నెలలు గడిపేవాళ్లున్నారు.

రేడియేటర్ విషయంలో పిసినారితనం వద్దు. మే నెలలో రామగుండంలో, రెంటచింతలలో ఎండ 45 డిగ్రీల దగ్గర ఉంటే, లో-రేంజిలో నడిచే బండికి గాలి కొట్టేది ఫ్యాను ఒక్కటే. మూడు నాలుగు వరసల కోరు, ఫ్యాను చుట్టూ రేకు కవచం, రెక్క చివరకీ కవచానికీ మధ్య 20-25 మి.మీ. ఖాళీ. కవచం లేని ఫ్యాను వేడి గాలినే తిప్పి తిప్పి కొడుతుంది. థర్మోస్టాట్ తీసి పారేయడం మన షెడ్లలో ఆచారం లాంటిది. తీస్తే మామూలు రోజు ఇంజిన్ చల్లగా ఉండి ఆయిల్ పాడవుతుంది. బోరు నీళ్లు పోయకండి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి.

పెట్రోల్ బండి డీజిల్ అయ్యేటప్పుడు మరిచిపోయేవి కొన్ని. ట్యాంకుకి తిరుగు పైపు కావాలి, నాజిల్స్ నుంచి, పంపు నుంచి మిగిలిన డీజిల్ వెనక్కి రావాలి. ట్యాంకు విప్పి తుప్పు కడిగించాలి, పెట్రోల్ కార్బురేటర్ ఓర్చుకున్న చెత్తను డీజిల్ పంపు ఓర్చుకోదు. ఫిల్టర్ ముందు నీళ్లు వేరుచేసే గిన్నె తప్పనిసరి. డీజిల్‌లో బ్రేకుకి సరిపడా మేనిఫోల్డ్ వాక్యూం ఉండదు. బ్రేక్ బూస్టర్ ఉన్న బండి అయితే వెనక వాక్యూం పంపు ఉన్న డైనమోయే వేయాలి. పాత సీజే3బీ వైపర్లు కూడా వాక్యూంతోనే నడుస్తాయి, మోటారు వైపర్ పెట్టకపోతే మొదటి వానకే తెలుస్తుంది. 6 వోల్టుల కాలపు బండి అయితే వైరింగ్ అంతా 12కి మార్చాలి. బ్యాటరీ 80 ఏహెచ్‌కి తగ్గకూడదు. సెల్ఫ్‌కి వెళ్లే కేబులూ, ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి ఎర్త్ కేబులూ రెండూ లావుగా ఉండాలి. సెల్ఫ్ తిప్పినప్పుడు గేరు రాడ్డు, క్లచ్ కేబులు వేడెక్కుతున్నాయంటే కరెంటు ఎర్త్ దొరక్క వాటి గుండా పోతోందన్నమాట.

మొదటిసారి స్టార్ట్ చేసేముందు ఎయిర్ తీయాలి. ఫిల్టర్ మీది బోల్టు వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా ఆగి బిగించాలి. తర్వాత పంపు దగ్గర, ఆఖరున రెండు నాజిల్ నట్లు వదిలి సెల్ఫ్ కొట్టాలి. డీజిల్ చిమ్మగానే బిగించాలి. సెల్ఫ్ పది సెకన్లకు మించి ఒక్కసారిగా కొట్టకండి. వదిలిన నట్టు దగ్గర చెయ్యి పెట్టకండి, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దిగుతుంది.

పాత ఇంజిన్ కొనేటప్పుడు

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఇంజిన్లు వరసగా పేర్చి ఉంటాయి, కడిగి రంగు కొట్టినవి మరీ మెరుస్తుంటాయి. రంగు చూడకండి. స్టార్ట్ చేసి చూపించమనండి, అదీ చల్లగా ఉన్నప్పుడు. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వెచ్చగా ఉంటే టీ తాగి రండి, రెండు గంటలు ఆగండి. ఆయిల్ మూత తీసి దాని మీదే బోర్లా పెట్టండి. ఐడిల్‌లో మూత ఎగిరి పడుతుంటే రింగులు పోయాయి. కంప్రెషన్ గేజ్ తీసుకెళ్లగలిగితే నాలుగు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపు ఉండాలి. టర్బో ఉంటే పైపు విప్పి షాఫ్ట్‌ని పైకి కిందికి కదపండి. కాస్త ఊగడం సహజం, రెక్క గోడని తాకితే కాదు. క్రాంక్ పుల్లీని ముందుకీ వెనక్కీ లాగి చూడండి. కంటికి కదలిక కనిపిస్తే థ్రస్ట్ వాషర్లు అరిగినట్టు. పంపుని మాత్రం కొన్నాక టెస్ట్ బెంచి మీద కాలిబ్రేషన్ చేయించండి, అది తప్పించుకునే ఖర్చు కాదు. మొత్తంగా ఇంజిన్‌కి ఎంత పెడతారో, ఎక్కించడానికి మరో అంత పక్కన పెట్టుకోవాలి.

కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకి 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ ఉండొచ్చు. ఆర్‌సీలో ఇంధనం డీజిల్ అనే ఉండి, అదే కంపెనీ ఇంజిన్ వేస్తే ఆర్టీవో దగ్గర మాట్లాడటానికి ఒక దారుంటుంది. పెట్రోల్ ఆర్‌సీ మీద డీజిల్ అడిగితే చాలా కష్టం. ఏదైనా సరే, పాత ఇంజిన్ విప్పకముందే ఆఫీసుకి వెళ్లి రాతపూర్వకంగా అడగండి. ఇంజిన్ అమ్మేవాడి దగ్గర బిల్లు మీద ఇంజిన్ నంబరు, అది వచ్చిన బండి ఛాసిస్ నంబరు రాయించండి, ఆ బండి ఆర్‌సీ నకలు తీసుకోండి. నంబరు గీకేసిన ఇంజిన్ సగం ధరకి ఇచ్చినా వద్దు. ఆర్‌సీలో నంబరు మారకుండా ఇన్సూరెన్స్ కడుతూ ఉండటం డబ్బు దండగే, క్లెయిం రోజున మొదట చూసేది ఆ నంబరునే.

ఎక్కించాక మొదటి 500 కిలోమీటర్లకి మౌంటింగ్ బోల్టులు, బెల్ హౌసింగ్ బోల్టులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఫ్లాంజి నట్లు, వెనక హబ్ నట్లు బిగించి చూడాలి. ఆయిల్, ఫిల్టర్ అప్పుడే మార్చాలి, కొత్త బేరింగులు వేసి ఉంటే ఫిల్టర్ కోసి లోపల మెరుపు ముక్కలున్నాయా చూడాలి. వెయ్యి కిలోమీటర్లకి ట్యాపెట్లు సరిచేయించి, ఛాసిస్ మీద మౌంటింగ్ బ్రాకెట్ అతుకుల చుట్టూ రంగు పగిలిందేమో టార్చి వేసి వెతకాలి.